రాతిని చీల్చి తీయు వాయువు: లాభమెంత? ముప్పెంత?

(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల గ్రామసభలలో మేము చేసిన ప్రసంగ పాఠము)



ఈ మధ్య పత్రికలలోను, చేతిఫోనులలోను ‘ఫ్రాకింగ్’ అను మాట మీ చెవిని పడియుండును. భూగర్భములోనికి మిక్కిలి లోతుగా బావి తొలిచి, గొప్ప ఒత్తిడితో నీటిని పంపి, రాతిని చీల్చి, అందు చిక్కుకొనియున్న సహజవాయువును బయటికి తెచ్చు పద్ధతికి ఆ పేరు వచ్చినది. దీనివలన దేశమునకు సిరులు కలుగునని కొందరు, త్రాగునీరు విషమగునని మరికొందరు చెప్పుచున్నారు. ఇరువురి మాటలలోను కొంత నిజము కలదు. ఆ నిజమెంతయో తూచి చూచుటయే నేటి ప్రసంగ విషయము.

“మా ఊరిలో వాయువు లేదు గదా, ఈ విచారణ మాకేల?” అని మీరు అడుగవచ్చును. ఆ ప్రశ్నతోనే ప్రారంభింతము.

మన కాళ్ల క్రింది రాయి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల అడుగున ఉన్నది గ్రానైటు, నైసు జాతుల కఠినశిల. పైన మట్టి, దాని క్రింద మొరము, ఆ క్రింద రాయి: బోరు వేయించిన ప్రతి రైతునకును ఈ వరుస తెలియును. సహజవాయువు ఇట్టి రాతిలో పుట్టదు. పూర్వము సముద్రముల అడుగునను, నదీముఖములయందును బురద పేరుకొని, అందు చెట్టుచేమలును, సూక్ష్మజీవులును పూడుకొనిపోయి, కోట్ల సంవత్సరములు వేడికిని, ఒత్తిడికిని లోనైన చోటనే అది పుట్టును. కనుక మన మూడు ప్రాంతములలో వాయువు కొరకు రాతిని చీల్తురను భయమునకు గాని, దానివలన ధనవంతులమగుదుమను ఆశకు గాని ఆధారము లేదు.

మనకు తూర్పుననున్న గోదావరి లోయ సంగతి వేరు. రామగుండము మొదలు కొత్తగూడెము వరకు భూమిలో బొగ్గు పొరలు కలవు. బొగ్గును ఆశ్రయించి మీథేను అను వాయువు ఉండును. గనులలో పనిచేయువారికి దాని ప్రమాదము తెలిసినదే. ఈ వాయువును వేరుగా తీయుటకు భారత ప్రభుత్వము 1997లో ఒక విధానమును ప్రకటించినది. రాణీగంజ్, సోహాగ్‌పూర్ బొగ్గుక్షేత్రములలో నేడు ఇట్టి వాయువు ఉత్పత్తి అగుచున్నది.

ఇచట ఒక అపోహను తొలగింపవలసియున్నది. ఎండిపోయిన చేతిపంపు బోరులోనికి అధికమైన ఒత్తిడితో నీటిని పంపి, రాతిలోని సన్నని పగుళ్లను తెరచి, ఊటను పెంచు పని గ్రామీణ నీటి సరఫరాలో చిరకాలముగా జరుగుచున్నది. దానిని కూడ ‘హైడ్రో ఫ్రాక్చరింగ్’ అనియే పిలుతురు. పేర్లు దగ్గరివి గాని పనులు వేరు. బోరుబావిలోనికి పంపునది మంచినీరు మాత్రమే. దాని లోతు పదుల మీటర్లలో గాని, కొన్ని వందల అడుగులలో గాని ఉండును. వాయువు బావి లోతు కిలోమీటర్లలో ఉండును. అందు నీటితోపాటు ఇసుకయు, రసాయనములును కలుపుదురు. ఆ పేరు విని, ఊటను పెంచుటకు వచ్చిన బండిని ఊరినుండి వెళ్లగొట్టుట తగదు.

మనము వాడుకొను వాయువు

మన నేలలో వాయువు లేకున్నను, మన పొలములో వాయువు కలదు. అది యూరియా రూపమున వచ్చుచున్నది.

రామగుండములో పూర్వము బొగ్గుతో యూరియా చేయు కర్మాగారము ఉండెడిది. 1980లో ఉత్పత్తి ప్రారంభించిన ఆ కర్మాగారము 1999లో మూతపడినది. ఆ స్థలముననే నిర్మింపబడిన క్రొత్త కర్మాగారము 2021 మార్చిలో వాణిజ్యోత్పత్తిని ప్రారంభించినది. ఇది బొగ్గుతో గాక సహజవాయువుతో నడచును. కాకినాడ సమీపమునగల మల్లవరము వైపునుండి వేసిన గొట్టపుమార్గము ద్వారా దీనికి వాయువు అందును. సంవత్సరమునకు 12 లక్షల 70 వేల టన్నుల యూరియా చేయగల శక్తి దీనికి కలదు.

ఒక టన్ను యూరియా చేయుటకు సుమారు 600 ఘనపు మీటర్ల వాయువు కావలెను. ఆ లెక్కను 45 కిలోల బస్తాకు 25 ఘనపు మీటర్లకు పైగా పట్టును. అనగా 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు గల గది నిండునంత వాయువు ఒక్క బస్తాలో ఇమిడియున్నది. కోరుట్ల రైతు మక్కచేనిలో బస్తా విప్పినపుడు, ఎక్కడనో భూగర్భమునుండి వచ్చిన ఒక గదినిండ వాయువును విప్పుచున్నాడన్న మాట.

ఇంతేకాక, జగిత్యాల, పెద్దపల్లి, కరీంనగరు, రాజన్న సిరిసిల్ల జిల్లాలను కలిపి గొట్టముల ద్వారా వాయువు పంచుటకు ఒక ప్రాంతముగా నిర్ణయించిరి. వంటయింటి సిలిండరులోని వాయువు వేరు; ఇండ్లకు గొట్టముల ద్వారా వచ్చు వాయువు సహజవాయువైన మీథేను. కావున వాయువు ఎచట, ఎట్లు తీయుదురను ప్రశ్న మనకు సంబంధింపనిది కాదు. లాభమును పొందువారు నష్టమును గురించి విచారించుట ధర్మము.

పని జరుగు విధము

కొన్నిచోట్ల వాయువు ఇసుకరాతి సందులలో స్వేచ్ఛగా నిలిచియుండును. బావి తొలిచినంతనే పైకి వచ్చును. షేలు అను రాతిలో అట్లు కాదు. బురద పొరలు పొరలుగా గట్టిపడుటవలన ఏర్పడిన ఆ రాతిలో వాయువు కదలుటకు దారి ఉండదు. కనుక బావిని నిలువుగా రెండు మూడు కిలోమీటర్లు దించి, అచటినుండి ప్రక్కకు త్రిప్పి, రాతిపొర వెంట అడ్డముగా తొలుతురు. తరువాత నీరు, ఇసుక, కొద్దిపాటి రసాయనములు కలిపి, లారీ చక్రములోని గాలి ఒత్తిడికి సుమారు 50 రెట్లు, ఒక్కొక్కచో అంతకు మించిన ఒత్తిడితో పంపుదురు. రాయి వెంట్రుకవాసి పగుళ్లుగా చీలును. ఇసుక రేణువులు ఆ పగుళ్లు మరల మూసికొనకుండ అడ్డుపడును. ఆ సందులలోనుండి వాయువు బావిలోనికి చేరును.

ఈ పనికిని మన పెరటికిని ఒక చుట్టరికము కలదు. నీటిని చిక్కబరచి ఇసుకను మోయించుటకు వాడు జిగురు గోకరకాయ గింజలనుండి వచ్చినదే. ఉత్తరదేశమున దీనిని గువార్ అందురు. ప్రపంచమున పండు ఈ గింజలలో అధికభాగము మన దేశమునదే, ముఖ్యముగా రాజస్థానముది. అమెరికాలో ఈ బావులు పెరిగినప్పుడు, 2012లో క్వింటాలు గింజల ధర 30 వేల రూపాయల దాపునకు ఎగబ్రాకినది. ఆశపడి ఎందరో విత్తిరి; పిమ్మట ధర పడిపోయినది. దూరదేశపు బావిని నమ్ముకొని విత్తిన పంట గతి అట్టిది.

లాభముల వైపు

రాతిని చీల్చు ఈ పద్ధతిని 1947లో అమెరికాలోని కాన్సాసు రాష్ట్రమున తొలిసారి పరీక్షించి, 1949లో వ్యాపారమునకు తెచ్చిరి. టెక్సాసులో జార్జి మిచెల్ అను వ్యాపారి కంపెనీ ఏండ్ల తరబడి ప్రయత్నించి, 1990 దశాబ్దము చివర షేలు రాతినుండి చౌకగా వాయువు తీయు మార్గమును సాధించినది. నేడు అమెరికా ఉత్పత్తి చేయు వాయువులో సుమారు నాలుగింట మూడు వంతులు షేలునుండి వచ్చునదే. ఒకప్పుడు వాయువును దిగుమతి చేసికొనిన ఆ దేశము 2017 నుండి నికరముగ ఎగుమతి చేయు దేశమైనది.

మన దేశము తనకు కావలసిన సహజవాయువులో సుమారు సగము విదేశములనుండి కొనుచున్నది. స్వదేశమున వాయువు దొరకినచో విదేశద్రవ్యము మిగులును. ఎరువుల రాయితీ భారము తగ్గును. విద్యుత్తు కొరకు బొగ్గును కాల్చినపుడు వెలువడు బొగ్గుపులుసు వాయువులో సుమారు సగమే సహజవాయువును కాల్చినపుడు వెలువడును. బూడిద ఉండదు. బూడిద చెరువుల చెంత బ్రదుకు గ్రామములవారికి ఈ మేలు వివరించి చెప్పనక్కరలేదు.

ముప్పుల వైపు

మొదటిది నీటి ఖర్చు. ఒక్క షేలు బావిని చీల్చుటకు సుమారు కోటిన్నర లీటర్ల నీరు పట్టును. పెద్ద బావులకు ఇంకను ఎక్కువ. ఈ నీటితో మూడెకరముల వరిపంట పండును. మిషన్ భగీరథ పథకమున మనిషికి దినమునకు 100 లీటర్ల లెక్కను 2 వేల జనముగల గ్రామమునకు రెండున్నర నెలలు ఇదే నీరు సరిపోవును. ఒక్క బావికైన పరవాలేదని తోచవచ్చును. కాని షేలు వాయువు ఒక్క బావితో రాదు. ఒక్కొక్క బావి దిగుబడి తొలి రెండు మూడేండ్లలోనే వేగముగా పడిపోవును. ఉత్పత్తి నిలుపుటకు వరుసగా క్రొత్త బావులు తొలుచుచుండవలెను.

రెండవది వాడిన నీరు. సిరిసిల్ల అద్దకపువారికి ఒక సంగతి తెలియును: బట్టకు రంగు పట్టించుటకంటె, తొట్టిలో మిగిలిన నీటిని ఏమి చేయుదుమన్నదే కష్టము. ఈ బావులనుండి మరలివచ్చు నీటిలో రసాయనములే గాక, పాతాళమునందలి ఉప్పును, లోహములును, కొన్నిచోట్ల రేడియము వంటి కిరణధాతువులును ఉండును. దానిని శుద్ధిచేయుటకు ఖర్చు అధికము. పొలములలోనికి వదలినచో నేల చౌడుబారును.

మూడవది ఊటనీటి కాలుష్యము. రెండు కిలోమీటర్ల లోతునగల చీలిక పైకి ప్రాకి మన బోరులో కలియుట అరుదు. ప్రమాదము సాధారణముగా అచటినుండి రాదు. బావి చుట్టునున్న ఉక్కు తొడుగు, సిమెంటు సరిగా లేనిచోటనుండియు, పైన ఒలికిన రసాయనములనుండియు వచ్చును. అమెరికా పర్యావరణ సంస్థ 2016 డిసెంబరులో ప్రకటించిన నివేదిక కూడ, కొన్ని పరిస్థితులలో ఈ పనులు త్రాగునీటి వనరులను పాడుచేయగలవని తేల్చినది.

నాలుగవది భూకంపనము. మిగిలిన ఉప్పునీటిని తిరిగి భూమిలోనికి ఎక్కించుటవలన ఓక్లహోమా రాష్ట్రమున కంపములు పెరిగెను. 2016 సెప్టెంబరు 3న పానీ అను ఊరి వద్ద 5.8 పరిమాణముగల కంపము వచ్చినది. ఇంగ్లండులో 2019 ఆగస్టున ఒక షేలు బావి దగ్గర 2.9 పరిమాణముగల కంపము రాగా, ఆ ఏడు నవంబరులో ప్రభుత్వము ఈ పనిని నిలిపివేసినది. 2022లో కొన్ని వారములు నిషేధమును సడలించి, మరల విధించినది. ఫ్రాన్సు 2011లోనే చట్టముచేసి దీనిని నిషేధించినది.

ఐదవది కంటికి కానరానిది. మీథేను కాలకుండ గాలిలో కలిసినచో, 20 ఏండ్ల లెక్కను బొగ్గుపులుసు వాయువుకంటె 80 రెట్లు అధికముగా భూమిని వేడిచేయును. కనుక బావులనుండియు, గొట్టములనుండియు నూటికి 3 పాళ్లకు మించి కారిపోయినచో, ఆ 20 ఏండ్లలో బొగ్గుకంటె వాయువు మేలని చెప్పుటకు వీలుండదని శాస్త్రజ్ఞుల లెక్క.

మన దేశమున ఇంతవరకు

2011 జనవరిలో పశ్చిమ బెంగాలులోని దుర్గాపూరు సమీపమున ఓ.ఎన్.జి.సి. సంస్థ షేలు వాయువు జాడను కనుగొనినది. 2013 అక్టోబరులో భారత ప్రభుత్వము షేలు విధానమును ప్రకటించి, ప్రభుత్వరంగ చమురు సంస్థలకు అన్వేషణాధికారము ఇచ్చినది. 2018లో ఇతర సంస్థలకును అనుమతి లభించినది. కృష్ణా-గోదావరి, కావేరి, కాంబే, దామోదరు ప్రాంతములపై ఆశలు నిలుపుకొనిరి.

అయితే నిలువ ఎంత? 2011లో అమెరికా భూగర్భ సర్వేక్షణ శాఖ మన దేశపు మూడు ప్రాంతములలో తీయదగిన షేలు వాయువు 6.1 లక్షల కోట్ల ఘనపుటడుగులని అంచనా వేసినది. 2013లో అదే దేశపు ఇంధన సమాచార సంస్థ నాలుగు ప్రాంతములకు 96 లక్షల కోట్లని చెప్పినది. ఒకటి పుట్టెడనగా, మరొకటి పదునైదు పుట్లన్నట్లున్నది. కళ్లమునకు రాని ధాన్యమును చూపి అప్పుచేయుట తగునా?

కోనసీమ నేర్పిన పాఠము

వాయువు తీయు భూమిలో బ్రదుకుట ఎట్లుండునో తెలియవలెనన్న కోనసీమను చూడవలెను. 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద ఒక బావి అదుపుతప్పి ప్రేలి మండినది. మంటను ఆర్పుటకు రెండు నెలలకు పైగా పట్టినది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరము గ్రామమున వాయువు గొట్టము పగిలి నిప్పంటుకొని, 20 మందికి పైగా మరణించిరి, కొబ్బరితోటలు మాడిపోయెను. ఈ రెండును షేలు బావుల ప్రమాదములు కావు. సాధారణ పద్ధతిలో తీసిన వాయువువలన కలిగినవి. రాతిని చీల్చినను, చీల్చకున్నను, తొడుగు, గొట్టము, కావలి సరిగా లేనిచో ప్రాణహాని తప్పదని ఇవి చాటుచున్నవి.

త్రాసు రెండు పళ్లెములు

మేము చెప్పదలచిన ముఖ్య విషయమిది. అంగడిలో త్రాసు రెండు పళ్లెములును ఒకే చేతిలో ఉండును. ఈ విషయములో అట్లు కాదు. లాభపు పళ్లెము రామగుండములోను, జగిత్యాల పొలములలోను, నగరములలోను ఉన్నది. ముప్పు పళ్లెము బావి ప్రక్క ఇంటిలో ఉన్నది. దేశమంతటికి కలుగు లాభమును కూడి, దానినుండి ఒక ఊరి నష్టమును తీసివేసి, “మొత్తము మీద లాభమే” అనుట కూడికల లెక్కకు సరిపోవును గాని న్యాయమునకు సరిపోదు. నష్టపడువాని నష్టమును ముందుగా కొలిచి, ముందుగా పూచీ ఇచ్చిన పిమ్మటనే లాభమును లెక్కింపవలెను.

కొలత లేనిచో ఏమగునో అమెరికాలోని డిమాక్ అను పల్లె చెప్పును. 2009 జనవరి 1న అచట ఒక యింటి నీటిబావి మీథేను చేరి ప్రేలినది. ఆ వాయువు పూర్వమునుండియే నీటిలో ఉన్నదా, కంపెనీ బావులవలన వచ్చినదా అను వివాదము 13 ఏండ్లు సాగినది. 2022 నవంబరులో కంపెనీ న్యాయస్థానమున అభియోగమును ఎదిరింపక, ఊరికి క్రొత్త నీటి మార్గము వేయుటకు ధనమిచ్చుటకు ఒప్పుకొనినది. బావులు తొలుచుటకు ముందే ప్రతి యింటి నీటిని పరీక్షించి వ్రాసిపెట్టియున్నచో వివాదమునకు ఇంత అవకాశము ఉండెడిది కాదు. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొని ప్రయోజనమేమి?

మన దేశమున 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారము పెద్ద పరిశ్రమలకు ప్రజాభిప్రాయ సేకరణ జరుపవలెను. 2020 జనవరి 16 నాటి సవరణవలన చమురు, వాయువుల అన్వేషణ మాత్రము ఆ నియమమునుండి మినహాయింపబడినది. ఉత్పత్తి దశకు నియమము నిలిచియున్నది. కావున అన్వేషణ దశలోనే గ్రామస్థులు మేలుకొని యుండుట అవసరము. ఏ ఊరివారైనను వ్రాతమూలకముగా అడుగవలసిన ప్రశ్నలు ఐదు:

1. పని ప్రారంభమునకు ముందు మా బావుల నీటిని ఎవరు పరీక్షింతురు? ఆ పత్రము నకలు మాకిత్తురా?
2. కావలసిన నీరు ఏ కాలువనుండి, ఏ నెలలో తీసికొందురు?
3. వాడిన నీటిని ఎచట నిలువ చేసి, ఎట్లు శుద్ధిచేయుదురు?
4. మీథేను కారుటను ఎవరు, ఎన్ని దినములకొకసారి కొలుతురు?
5. వాయువు అయిపోయిన పిదప బావిని మూయు ఖర్చునకు ముందుగా ధనము ఎచట నిలిపిరి? ఏరు దాటి తెప్ప తగలవేసి పోయినచో దిక్కెవరు?

ఈ ప్రశ్నలకు సరియైన జవాబులు దొరకినచోట వాయువు తీయుటను ఎదిరింపనక్కరలేదు. దొరకనిచోట తొందరపడనక్కరలేదు. కోట్ల సంవత్సరములు రాతిలోనున్న వాయువు మరి కొన్నేండ్లు అచటనే ఉండును. చెడిన ఊట మాత్రము మన జీవితకాలమున బాగుపడునన్న పూచీ లేదు.

మనము చేయదగినది

బావి లేని ఊరివారికిని రెండు పనులు కలవు. మొదటిది పొదుపు. భూసార పరీక్ష చేయించి, వరి ఆకురంగు చూచి, అవసరమైనంత యూరియాయే వేయుడు. పొలాస పరిశోధనా స్థానమువారిని అడిగినచో మోతాదు చెప్పుదురు. వేయి ఎకరముల గ్రామము ఎకరమునకు ఒక్క బస్తా మిగిల్చినచో 25 వేల ఘనపు మీటర్ల వాయువు మిగులును. అధికమైన యూరియా నైట్రేటుగా మారి మన బోరు నీటినే చెరచును గనుక, ఈ పొదుపు మన దాహమునకును మేలు.

రెండవది జాగ్రత్త. పొలములగుండ గొట్టము వేయునపుడు 1962 నాటి చట్టము ప్రకారము భూమి మీదియే, దున్నుకొనవచ్చును. ఆ దారిపై ఇల్లు కట్టుట, బావి త్రవ్వుట, చెట్లు నాటుట కూడదు. పంటనష్టమునకు పరిహారము అడుగు హక్కు మీకు కలదు. గుర్తురాళ్లను పెరికివేయకుడు, జె.సి.బి.తో త్రవ్వుటకు ముందు గొట్టపుమార్గమువారికి తెలుపుడు. దూరప్రాంతపు పెద్ద గొట్టములలోని వాయువునకు వాసన ఉండకపోవచ్చును; వాసన రాలేదని ధైర్యపడకుడు. ఇండ్లకు వచ్చు వాయువులో మాత్రము పసిగట్టుటకై వాసన కలుపుదురు. బుసబుస శబ్దము వినిపించినను, తడినేలలో బుడగలు కనిపించినను, పైరు కారణము లేక ఎండినను దూరముగా తొలగి, నిప్పు వెలిగింపక, గుర్తురాతిపైనున్న నంబరునకు తెలియజేయుడు.

వచ్చెడి కారుకు బస్తా విప్పునపుడు, ఆ గదినిండ వాయువు ఏ ఊరి భూమినుండి వచ్చినదో, ఆ ఊరివారి నీరు ఎట్లున్నదో ఒక్క క్షణము తలచుడు. ఆ ఊరివారు పై ఐదు ప్రశ్నలు అడిగిననాడు, “అభివృద్ధికి అడ్డుపడుచున్నారు” అనక, “వారడిగినది న్యాయమే” అని వారి పక్షమున ఒక మాట చెప్పుడు.